ఉల్లిపొర మీద మెటాఫేజ్ చీటీ

ముప్పై రెండేళ్లకు రిటైరయ్యానంటే మా చుట్టాల్లో ఎవరూ నమ్మరు. శాలువా కప్పలేదు, గోడ గడియారం ఇవ్వలేదు. చేవెళ్లలో నేను పనిచేసిన ప్రైవేటు జూనియర్ కాలేజీ వాళ్లు బైపీసీ గ్రూపు ఎత్తేశారు. ల్యాబులో బల్లలు తీసి కంప్యూటర్లు పెట్టారు. నేను తాళంచెవులు అప్పజెప్పి మా ఊరు సురంగల్ వచ్చేశాను. అంతే.

మొన్న మా ఊరి పిల్ల ఒకామె మొయినాబాద్ వైపు కాలేజీలో ల్యాబ్ అటెండర్‌గా చేరింది. "అక్కా, ఆడ ఏం పనుంటది? ఊడ్సుడు, తుడ్సుడేనా?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. గంటకు ఆమె ఆవలించింది, నా మాటలు మాత్రం అయిపోలేదు. అందుకే ఇట్లా రాస్తున్నాను. నచ్చినంత చదివి మిగతాది వదిలేయొచ్చు, నేనేం అనుకోను.

నా చదువు ఇంటర్ వరకే, అదీ ఆర్ట్స్. చేరినరోజు నాకు మైక్రోస్కోపుకీ కుట్టు మిషనుకీ ఒక్కటే తేడా తెలుసు: కుట్టు మిషనుకు సూది ఉంటుంది. పదకొండేళ్లలో ఏం నేర్చుకున్నానో, ఏం పాడుచేశానో రెండూ చెబుతాను. పాడుచేసిందే ఎక్కువ పనికొస్తుందనుకుంటా.

పనంటే ఇదీ

మైక్రోస్కోపును ఎత్తేటప్పుడు ఒక చేయి మెడకు, ఒక చేయి కిందికి. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు. కింద ఉండే చిన్న అద్దాన్ని కిటికీ వైపు తిప్పితే వెలుగు లోపలికి వస్తుంది. కరెంటు పోయినా ఈ యంత్రానికి ఫికర్ లేదు. ముందు చిన్న లెన్సుతో చూడాలి, తర్వాతే పెద్దది. పెద్ద లెన్సు దించాక పక్కనుండే లావు మర ముట్టుకోకూడదు, లెన్సు దబ్బున దిగి గాజును గుద్దుతుంది; సన్నమరతోనే సవరించాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నా కథంతా ఈ లావు మర దగ్గరే మొదలైంది.

పిల్లలు మొట్టమొదట చూసేది ఉల్లిపొర. ఉల్లిగడ్డ రేకు లోపలి వైపు నుంచి తడి కాగితంలాంటి పొర ఒకటి ఊడి వస్తుంది. దాన్ని గాజు పలక మీద పరిచి, ఒక చుక్క ఎర్ర రంగు వేసి, పైన పల్చటి కవర్ స్లిప్ మెల్లగా ఒక పక్క నుంచి వాల్చాలి. దబుక్కున పడేస్తే గాలి బుడగలు చేరతాయి. గాలి బుడగ గుండ్రంగా, నల్లటి అంచుతో, గీసిపెట్టినట్టు ఉంటుంది. ప్రతి ఏడూ సగం మంది పిల్లలు బుడగను చూసి "అక్కా, కణం దొరికింది" అని సంబరపడేవాళ్లు. నిజం కణం అంత ముద్దుగా ఉండదు. పొడుగ్గా, పక్కదాన్ని ఆనుకుని, సిమెంటు పూయని గోడలో ఇటుకలా ఉంటుంది. అందులో ఒక చుక్క కనిపిస్తుంది, అది కేంద్రకం. పుస్తకంలో అది సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఉల్లిపొరలో మాత్రం ఎక్కువసార్లు గోడకు చేరగిలబడి ఉంటుంది, చివరి బెంచీ పిల్లల్లాగా.

చెంప లోపల అగ్గిపుల్ల వెనక్కొనతో మెత్తగా గీకి నీలం రంగులో చూస్తే మన కణాలు కనిపిస్తాయి. వాటికి గోడ లేదు. అంచులు మడతపడి, పెనం మీద చెడిపోయిన దోసెల్లా ఉంటాయి. మొదటిసారి నావి చూసుకుని కొంచెం నొచ్చుకున్నాను. చెరువులో పెరిగే నాచుమొక్క ఆకును నీళ్లలో పెట్టి చూస్తే కణం లోపల ఆకుపచ్చ పూసలు అంచు వెంట తిరుగుతుంటాయి, చేవెళ్ల చౌరస్తాలో ఆటోలు తిరిగినట్టు. వాటిని చూడటానికి మధ్యాహ్నం తిండి మానేసిన రోజులున్నాయి.

ఇంకో పని, ఏ పుస్తకంలోనూ రాయనిది. పరీక్షలో పిల్లలకు చూపించాల్సిన చోటును చూపడానికి కంటి గొట్టంలో ఒక వెంట్రుక అంటించాలి. లోపల అది నల్లటి బాణంలా కనిపిస్తుంది. నాకన్నా ముందు పనిచేసిన నర్సింలన్న బట్టతలాయన. "ఇన్నేండ్లు ఒగల ఎంటికె అడుక్కున్న, నీకు ఆ కష్టం లేదు పో" అని నాకు పని అప్పజెప్పి వెళ్లిపోయాడు. పోతూపోతూ ఒక ఉపదేశం కూడా చేశాడు: "సార్లకు బొమ్మ గావాలె. నీకు అద్దం పల్గకుంటె సాలు. నడుమల ఏమున్నదో నువ్వు సూడకు."

ఆయన మంచివాడే. కానీ ఆ ఉపదేశం మాత్రం మీరు తీసుకోకండి.

మురళి సార్

మా బాటనీ మురళి సార్ కోస్తా నుంచి వచ్చి మొయినాబాద్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఆయన రంగు సుద్దలతో బోర్డు మీద కణం వేస్తే తుడవడానికి నాకు చేతులొచ్చేవి కావు. గోడ పచ్చగా, కేంద్రకం ఎర్రగా, మైటోకాండ్రియా నారింజ రంగులో. పుస్తకం చూడకుండా, మాట్లాడుతూనే వేసేవారు. కసిరినా ఐదు నిమిషాలకు మర్చిపోయేవారు. అంత బాగా వేసే మనిషి మైక్రోస్కోపులోకి చూడటం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. అన్నీ తెలుసు కాబట్టి చూడాల్సిన అవసరం ఆయనకు పడలేదు. బాగా తెలిసినవాళ్లకు వచ్చే జబ్బే ఇది. మనలాంటి వాళ్లకు ఆ భయం లేదు.

పరీక్షలో బల్లల వరుస కూడా ఆయన ఏనాడో రాసిపెట్టినదే. ఒకటో టేబుల్ మీద ఇది, రెండో టేబుల్ మీద అది, నాలుగో టేబుల్ మీద మెటాఫేజ్. కణం రెండుగా చీలబోయే ముందు దాని లోపలి దారాలు, అంటే క్రోమోజోములు, నడిమధ్యన వరుస కట్టి నిలబడతాయి. ఆ దశ పేరు మెటాఫేజ్. స్లైడు పేరు రాసిన చీటీని మేం కాగితంతో మూసేస్తాం, పిల్లలు చూసి గుర్తుపట్టాలి. కానీ వరుస ఎప్పుడూ మారదు కాబట్టి సీనియర్లు జూనియర్లకు చెప్పేసేవాళ్లు. పిల్లలు నాలుగో టేబుల్ దగ్గరికి రాకముందే పెన్ను మెటాఫేజ్ గీయడం మొదలుపెట్టేది. మర్యాద కోసం ఒకసారి వంగేవాళ్లు.

టక్

నేను చేరిన కొన్నేళ్లకు, ప్రాక్టికల్ పరీక్ష ముందురోజు, ఆ మెటాఫేజ్ స్లైడు ఇంకా స్పష్టంగా కనిపించాలని పెద్ద లెన్సు దించి లావు మర తిప్పాను. టక్‌మంది. చిన్న చప్పుడే. గాజు మూడు ముక్కలైంది.

సార్‌కి చెప్పాలి. చెబితే రేపు పరీక్ష ఎట్లా అంటారు. నేను చెప్పలేదు. డబ్బాలో ఉల్లిపొర స్లైడ్లు రెండున్నాయి, ఎర్ర రంగువి. విరిగినదాని చీటీ తడిగుడ్డతో ఊడదీసి ఒక ఉల్లిపొర స్లైడు మీద అంటించాను. అసలు స్లైడు ఉల్లిగడ్డ వేరు కొనతో చేసిందే. చీటీ మీద "ఉల్లి, మెటాఫేజ్" అని ఉంటుంది. ఉల్లి వరకైతే నిజమే కదా అని నన్ను నేను ఓదార్చుకున్నాను.

ఒక్కరోజుకే అనుకున్నాను. ఆ రోజు పిల్లలందరూ ఆ ఉల్లిపొర చూసి, నడుమ వరుసగా నిలబడ్డ క్రోమోజోములు గీశారు. ఒకమ్మాయి లెక్కపెట్టి మరీ గీసింది. సార్ టిక్కులు పెట్టారు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు వంగి చూసి, "బాగా ఫోకస్ చేశావమ్మా" అని నన్ను మెచ్చుకున్నారు కూడా. మెచ్చుకున్నాక ఇంకేం చెబుతాం? అట్లా నాలుగేళ్లు గడిచాయి. నాలుగో ఏటికి నాకు భయం కూడా పోయింది.

నవనీత

ఐదో ఏడు ప్రీఫైనల్ ప్రాక్టికల్స్‌లో నవనీత అనే పిల్ల నాలుగో టేబుల్ దగ్గర ఆగిపోయింది. శంకర్‌పల్లి దగ్గర పల్లె వాళ్లది. తండ్రి క్యారెట్, కోతిమీర పండిస్తాడు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతానని ఫస్టియర్ నుంచీ నాతో అనేది. రోజూ క్లాసయ్యాక వచ్చి నాచు ఆకు చూసేది, అందుకే నాకు ఇష్టం.

గంట కొట్టినా ఆమె కదల్లేదు. వెనకున్న అమ్మాయి "మెటాఫేజే, గీకి రాయే, ఏం జూస్తవ్" అని పొడిచింది. నవనీత చూసింది చూసినట్టు రాసింది. 'ఇది ఉల్లిపొర. విభజన జరగడం లేదు. కేంద్రకం గోడ పక్కన ఉంది.' బొమ్మ కూడా అట్లాగే వేసింది.

మర్నాడు సార్ ఆ పేపరు అందరి ముందూ ఎత్తి చూపించారు.

"ఏమ్మా, సెకండియర్‌కొచ్చి మెటాఫేజ్‌కీ ఉల్లిపొరకీ తేడా తెలీదా? క్లాసంతటికీ కనపడింది నీకొక్కదానికే కనపడలేదా?"

"సార్, నాకు గట్లనే కనపడ్డది."

"అయితే కళ్లు చూపించుకో. రేపు ల్యాబ్ టెక్నీషియన్‌వై మనుషుల రక్తం చూస్తావా ఈ కళ్లతో?"

క్లాసు నవ్వింది. నవనీత నా వైపు చూసింది. నేను అక్కడే ఉన్నాను, రికార్డు పుస్తకాలు పట్టుకుని. నేను పుస్తకాల అంచులు సరిచేశాను.

మీరు ఈ ఉద్యోగంలో ఏమేం తప్పులు చేస్తారో నాకు తెలీదు. గాజు పగలగొడతారు, రంగు ఒలకబోస్తారు. అవి కడిగితే పోతాయి. నేను పుస్తకాల అంచులు సరిచేసిన ఆ అరనిమిషం ఇప్పటికీ పోలేదు.

కండ్లు మంచిగున్నయ్

సార్ కోపంలో అన్నమాటను నవనీత తండ్రి డాక్టరు చీటీలా తీసుకున్నాడు. మూడు రోజుల తర్వాత తడి ఆరని చెప్పులతో, పొలం నుంచి నేరుగా ల్యాబుకు వచ్చాడు. సార్ అప్పుడు క్లాసులో ఉన్నారు.

"అమ్మా, సార్ సూపియ్యమన్నడని పిల్లను కండ్ల దవాఖానకు దీస్కపోయిన. డాక్టరేమో మస్తున్నయ్, ఏం బాధ లేదు అంటున్నడు. మరి కనపడంది కండ్లతోని గాదంటే ఇంకేడున్నది దోషం?"

"దోషం ఏం లేదు బాపు," అన్నాను.

"పిల్లయితే ప్రాక్టికల్స్‌కు పోనంటున్నది. నాకు సూసుడు రాదు నాయినా, ల్యాబుల పని నాతోని గాదు అంటున్నది. నేను జబర్దస్తీ జెయ్య. మా ఊరి పూల షెడ్డుల గులాబీ కట్టలు గట్టే పనున్నది, అండ్లకు వోతదట." కాసేపు మైక్రోస్కోపులను చూశాడు. "నాకు సదువు లేదు. నువ్వు రోజు ఈ ల్యాబులనే ఉంటవు. నువ్వు జెప్పు. మా పిల్లకు ఆ పని రాదా?"

పరీక్షకు పది రోజులుంది. ఆ పరీక్షకు రాకపోతే ఇంటర్ పోతుంది, ఇంటర్ పోతే ఆ కోర్సు పోతుంది. కాలేజీ మొత్తంలో కళ్లు పనిచేస్తున్న ఒకే ఒక్క మనిషి, తన కళ్లు పనికిరావని ఇంట్లో కూర్చుంది. అందుకు కారణం నేను.

"వస్తది బాపు. ఒక్కసారి కాలేజికి పంపు. నేను మాట్లాడ్త," అన్నాను.

సార్ వంగి చూసిన రోజు

క్లాసవగానే సార్‌ని ల్యాబులోకి పిలిచాను. స్లైడు పెట్టి ఉంచాను.

"సార్, జర ఇండ్ల సూడుండ్రి."

"ఏంటిది?"

"మీరే చెప్పాలె సార్."

ఆయన కళ్లజోడు తీసి వంగారు. సన్నమర అటూ ఇటూ తిప్పారు. స్లైడు కొంచెం జరిపారు. మైక్రోస్కోపులో ఎడమకు జరిపితే బొమ్మ కుడికి పోతుంది, ఆయన రెండుసార్లు తడబడ్డారు. అప్పుడర్థమైంది ఆయన చూసి ఎన్నేళ్లయిందో.

"ఉల్లిపొర," అన్నారు.

"మీ మెటాఫేజ్ అదే సార్. అసల్ది నా చేతుల పల్గింది. చీటి నేనే అతికిచ్చిన."

ఆయన తల ఎత్తలేదు. ఇంకా అందులోకే చూస్తూ అడిగారు. "ఎన్నాళ్లయింది?"

"ఇది ఐదో ఏడు."

"ఇన్నేళ్లలో ఒక్కళ్లు కూడా అడగలేదా?"

"ఒకామె అడిగింది సార్. మీరు సున్న ఏసిండ్రు."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సార్ కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత అన్నారు: "ఈ మాట ఈ గది దాటకూడదు సంధ్యా."

అప్పుడు తెలిసింది, విరగ్గొట్టిన నాకన్నా టిక్కు పెట్టిన ఆయనకే ఎక్కువ భయమని. నా తప్పుకు ఆయన తప్పు అడ్డొచ్చి నన్ను కాపాడింది. అటెండర్లకు ఇట్లాంటి అదృష్టం అరుదు.

ఆయన్ని మరీ చెడ్డగా చెప్పలేను. మర్నాడు మొయినాబాద్‌లో స్నేహితుడి కాలేజీ నుంచి నిజం మెటాఫేజ్ స్లైడు ఒకటి అడిగి, రుమాలులో చుట్టి, బండి మీద జేబులో పెట్టుకుని తెచ్చారు. నవనీత పేపరులో సున్నా కొట్టేసి మార్కులు వేశారు. "కూడికలో పొరపాటు అని చెప్పు. ఈ స్లైడు చూపించు. ధైర్యం వస్తుంది," అన్నారు. క్షమించమనడం తప్ప చేయగలిగినవన్నీ చేశారు.

ఆ స్లైడు ముందు నేను చూశాను. తొమ్మిదేళ్లు ఆ గదిలో ఉండి మెటాఫేజ్‌ను సరిగ్గా చూసింది అప్పుడే. పుస్తకంలోలాగా సైనికుల వరుసేం లేదు. బస్సు కోసం నిలబడ్డ జనంలా, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు, చేతులు వేలాడేసుకుని ఉన్నాయి. అయినా వరుసే.

డబ్బాలో మిగతావి

పరీక్షకు రెండు రోజుల ముందు నవనీత వచ్చింది. రానంటే తండ్రి బతిమాలి పంపాడట. మొహం ముడుచుకునే కూర్చుంది.

"నీకు మార్కులు కలిపిండ్రు. లెక్కల తప్పు వొయ్యిందట," అన్నాను.

"ఎందుకు కలిపిండ్రు? నాకు కనపడలేదు గద."

"ఒక్కసారి ఇండ్ల సూడు. పరీక్షల వచ్చేది ఇదే."

ఆమె వంగింది. నేను పక్కన నిలబడ్డాను. చూస్తుంది, కనపడుతుంది, సంతోషపడుతుంది, అయిపోతుంది అని మా ఇద్దరి పథకం. సార్‌కూ నాకూ తట్టనిది ఒకటే. ఆ పిల్లకు నిజంగా కళ్లున్నాయి.

"ఇది అది గాదు," అంది తల ఎత్తకుండానే.

"ఏది గాదు?"

"ఆ రోజు పెట్టింది ఇది గాదు. ఇండ్ల కణాలు చిన్నగున్నయ్, డబ్బాల లెక్క సౌకంగున్నయ్. దారాలు కనపడ్తున్నయ్. ఆ రోజు పొడుగున్నయ్. అది ఉల్లిపొరనే అక్కా." అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు మార్చినవా?"

సార్‌కి చెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. ఆయన ముందు పోయేది ఉద్యోగమే. గది దాటకూడదని సార్ అన్నారు, మేమిద్దరం గదిలోనే ఉన్నాం. మొత్తం చెప్పాను. టక్‌మన్న దగ్గర నుంచి పుస్తకాల అంచుల దాకా.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నేను నీ దిక్కు జూసిన ఆ రోజు."

"సూసినవ్."

"డాక్టరు అద్దాల మీద అద్దాలు వెట్టి అచ్చరాలు సదివిచ్చిండు. అన్ని సదివిన. బయటికొచ్చినంక మా నాయిన అంటడు, గియన్ని కనపడ్డయ్ గద బిడ్డా, మరి ఆడెందుకు కనపడలే అని. నేనేం జెప్పాలె? నువ్వు జెప్పు అక్కా, నేనేం జెప్పాలె?"

 

ఆమె లేచి బ్యాగు భుజాన వేసుకుంది. తలుపు దాకా పోయింది. అక్కడ ఆగి, అల్మారా మీదున్న స్లైడ్ల డబ్బా వైపు చూసింది.

"ఇంకెన్ని ఉన్నయ్ గిట్లాంటియి?"

"ఇంకేం లేవ్. ఒట్టు."

"నీ ఒట్టు నేనేం జేసుకోవాలె. డబ్బ దింపు."

దింపాను. బ్యాగు తీయకుండానే స్టూలు మీద కూర్చుని ఒక్కో స్లైడు పెట్టి చూసింది. చీటీ వైపు చూసేది కాదు, అరచేత్తో మూసేది. ముందు తను చూసింది చెప్పేది, తర్వాత చేయి తీసేది. "కాండం అడ్డకోత." చేయి తీస్తే అదే. "వేరు." అదే. నేను పక్కన నిలబడి ఒక్కొక్కటి తుడిచి అందించాను. ఎనిమిదో తొమ్మిదో స్లైడు దగ్గర చాలాసేపు ఆగింది.

"ఇది ఏం గాదు," అంది.

నేను చీటీ చదివాను. "స్పైరోగైరా. నీళ్లల్ల పెరిగే నాచు. పోగు లెక్క ఉంటది, ఆకుపచ్చ మెలికలుంటయ్. మర సరిగ్గ తిప్పు." ఏటా ఆ స్లైడు ఫోకస్ చేసి, పోగు మీదికి నా వెంట్రుక కొన తెచ్చి పెట్టేది నేనే. ఇందులో నాకు అనుమానమే లేదు.

"తిప్పిన. మెలికల్లేవ్. కణాల్లేవ్. అడ్డం గోడల్లేవ్. ఇది దూది పోగు అక్కా."

"కాదే, నేను తొమ్మిదేండ్ల సంది…"

"వంగి జూడు."

వంగాను. ఇన్నేళ్లూ నేను పోగు కోసం చూశాను, పోగు కనిపించింది, సరే అనుకున్నాను. ఇప్పుడు గోడల కోసం చూశాను. ఒక్కటి లేదు. మెలిక తిరిగిన నూలుపోగు, నేను స్లైడ్లు తుడిచే గుడ్డలోంచి వచ్చినట్టే ఉంది. ఎప్పుడో కవర్ స్లిప్ ఊడి, లోపలి నాచు ఎండి రాలిపోయి, దాని చోట ఈ పోగు దూరి ఉంటుంది. ఈసారి నేను ఎవరినీ మోసం చేయలేదు. నమ్మాను. సార్‌లాగే.

"దూది పోగే," అన్నాను.

నవనీత నవ్వలేదు గానీ, బ్యాగు తీసి బల్ల మీద పెట్టింది. మిగతా స్లైడ్లన్నీ చూశాం. తప్పువి ఇంకేం దొరకలేదు. సాయంత్రం శంకర్‌పల్లి బస్సు టైమయ్యిందని లేచింది.

"ఎల్లుండి వస్తవా?" అని అడిగాను.

చెప్పులు వేసుకుని, గడప దాటి, వెనక్కి తిరిగి అంది:

"తొమ్మిదింటికి వస్త. టేబుళ్ల వరుస మార్చి పెట్టు. నాలుగో దాని మీద ఏమున్నదో నాకు జెప్పకు."